రెడ్‌వుడ్ సీసాలకు హారతి

“మీ కోడలి చేతులు శుభ్రంగా లేవు. అంతే విషయం. కాగితం మీద అదే రాశాను. సంతకం పెట్టమనండి.”

“చేతులు ఎప్పుడు సూసిన్రు సారూ? నాలుగేండ్ల సంది సూడలే, ఇయ్యాలనే కనవడ్డయా?”

“మామ్మగారూ, మీరు సీసాలు కడిగే మనిషి. ఇది సైన్సు. ఇందులో మీకేం తెలుసని మాట్లాడుతున్నారు?”

“కడిగేదాన్నే. మురికి ఏడికెల్లి వస్తదో కడిగేదానికి ఎరుకుండదా?”

“సరే, మీరే అన్నారు కాబట్టి నేనూ అంటాను. మీరు సబ్బు దగ్గర పిసినారితనం చేస్తారని ఇక్కడ అందరికీ తెలుసు. కోడలి చేతులు కాకపోతే మీ సీసాలు. ఏదో ఒకటి ఒప్పుకోండి, నాకు రిపోర్టు పంపాలి.”

“ఏదో ఒకటి ఒప్పుకునేటందుకు ఇది పోలీస్ ఠాణానా ఏంది?”

నా కోడలు మా ఇద్దరి మధ్య నిలబడి ఉంది. తలకు తెల్ల టోపీ, మూతికి గుడ్డ, చేతిలో సారు ఇచ్చిన పెన్ను. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్లు చూసి నాకు ఒళ్లు మండింది. సంతకం పెట్టడానికి ఎప్పుడో సిద్ధపడిపోయింది ఆమె. “పెడత తియ్ అత్తమ్మా, సారు నన్ను కడిగే పనిల ఉంచుతనన్నడు” అంది గుడ్డలోంచి. నేను పెన్ను లాక్కుని సారు బల్ల మీద పెట్టాను.

“మేడమ్ నాలుగింటికి వస్తది గద. ఆమె ముంగటనే పెడ్తది సంతకం. పెట్టే గతే వస్తే” అన్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, మందుల ఫ్యాక్టరీల వెనక వీధిలో, మొక్కలను సీసాల్లో పెంచే చిన్న కంపెనీ ఒకటి ఉండేది. లక్డారం నుంచి నేనూ నా కోడలూ రోజూ సెవెన్ సీటర్ ఆటోలో వెళ్లేవాళ్లం. నేను సీసాలు కడిగేదాన్ని. ఆమె లోపల అద్దాల గదిలో కూర్చుని మొక్కలు కోసేది. నా కొడుకు పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడి అప్పటికి రెండేళ్లు. ఆ తాళం ఎప్పుడు తీస్తారోనని వాడు రోజూ ఆ గేటు ముందు కూర్చుని వచ్చేవాడు, అదే ఉద్యోగమైనట్టు. ఇల్లు గడిచేది కోడలి చేతుల మీదే. నాలుగేళ్లుగా ఆమెది రోజు కూలీ. ఆ నెలాఖరుకు పర్మినెంటు కాగితం ఇస్తానని కంపెనీ యజమానురాలు మేడమ్ మాట ఇచ్చింది. సారు రాసినదాని మీద సంతకం పడితే మేడమ్ ఇచ్చే కాగితం రాదు. నేను చదివింది మూడో తరగతి వరకే. అయినా ఈ లెక్క తెలియడానికి నాలుగో తరగతి అక్కర్లేదు.

నా పని సంగతి కొంచెం చెప్పాలి, నన్ను పిసినారి అన్నాడు కాబట్టి. సీసాలను సబ్బు నీళ్లలో నానబెట్టాలి, బ్రష్‌తో లోపలి అడుగుదాకా రుద్దాలి, మూడు నీళ్లు పోసి జాడించాలి. మూడో నీళ్లు ఆవిరి పట్టి తీసినవి, స్వచ్ఛమైనవి. ఆ మూడో నీళ్లను నేను పారబోసేదాన్ని కాదు. బకెట్లో పట్టి తర్వాతి సీసాలకు మొదటి నీళ్లుగా వాడేదాన్ని. మా చుట్టుపక్కల బోర్లలో వచ్చే నీళ్లతో పప్పు కూడా ఉడకని రోజులవి. గ్లాసులో పోస్తే చాయ్ రంగు. ట్యాంకరు వస్తేనే తాగే నీళ్లు. అటువంటి చోట స్వచ్ఛమైన నీళ్లను మోరీలో పోసేవాణ్ణి చదువుకున్నవాడనీ, బకెట్లో పట్టేదాన్ని పిసినారి అనీ అనుకునే మనిషి మా సారు. ఎనభైల్లో ఈ ఫ్యాక్టరీలు లేస్తుంటే వాటి గోడలకు ఇటుకలు మోసినదాన్ని నేను. గోడ ఎవరు కడతారో, గోడ మీద పేరు ఎవరిది పడుతుందో అప్పుడే తెలుసుకున్నాను.

ఆ కంపెనీ అరటి పిలకలు చేసినంత కాలం బుద్ధిగానే నడిచింది. అరటి గడ్డలోంచి చిన్న ముక్క తీసి సీసాలో పెడితే, ఒకటి నాలుగై, నాలుగు పదహారై, రైతులు వచ్చి తీసుకుపోయేవాళ్లు. ఎందుకు చేస్తున్నామో చేసేవాళ్లకు తెలిసిన పని. ఆ తర్వాత కోస్తా వైపు నుంచి ఈ సారు ల్యాబు పెద్దగా వచ్చాడు. పేరుకు ముందు డాక్టర్ అని ఉండేది. ఒకసారి నాకు జ్వరం వచ్చి మందు అడిగితే “నేను ఆ డాక్టర్ని కాదు” అన్నాడు. అతనితోపాటు రెడ్‌వుడ్ వచ్చింది.

రెడ్‌వుడ్ అంటే ఎర్రచందనం అనుకున్నారు మా ఆటోలో అందరూ. కాదు. అమెరికాలో పడమటి సముద్రం ఒడ్డున పెరిగే చెట్టు. లోకంలో అన్ని చెట్లకన్నా ఎత్తు. ఆఫీసు గోడ మీద దాని ఫోటో పెట్టారు. దాని మొదలు దగ్గర నిలబడిన మనిషి మా వాకిట్లో చీమలా ఉన్నాడు. ఎవరన్నా చూడటానికి వస్తే సారు ఆ ఫోటో ముందు నిలబడి ఒకటే పాఠం చెప్పేవాడు. నేను సీసాలు కడిగే తొట్టి ఆఫీసు కిటికీ పక్కనే. ఎన్నిసార్లు విన్నానో, చివరికి అతను మరిచిపోయిన ముక్క నేను అందించగలిగేదాన్ని.

రెండు వేల ఏళ్లు బతుకుతుందట. బెరడు మూరెడు మందం, అందులో బంక లేదు కాబట్టి అడవి అంటుకున్నా అది అంత తొందరగా అంటుకోదు. చెక్కలో వగరు రసం ఉంటుంది, పురుగు ముట్టదు. నరికేస్తే మొద్దు చుట్టూ పిలకలు గుండ్రంగా లేస్తాయి. వేర్లు లోతుకు పోవు, పక్క చెట్ల వేర్లతో పెనవేసుకుని అడ్డంగా పాకుతాయి. అంత ఎత్తుకు నీళ్లు ఎక్కించడం కష్టం కాబట్టి సముద్రం మీంచి వచ్చే పొగమంచును ఆకులే తాగుతాయి. కింది కొమ్మలకు దువ్వెన పళ్లలాంటి ఆకులు, పైకొనకు పొలుసుల్లా ఒత్తుకుపోయిన ఆకులు. గింజ మాత్రం టమాటా గింజంత. మన ఒంట్లో కణం లోపల క్రోమోజోములనే దారాలు రెండు పేటలుగా ఉంటే దానికి ఆరు పేటలట.

చెట్టు గొప్పదే. చెట్టును నేనేమీ అనను. అన్నది దాని ఆకుతో వీళ్లు చేసిన పనిని.

ఆ ఆకు కొన తెచ్చి, కడిగి, కోసి, మందు కలిపిన జెల్లీ మీద పెడతారు. పదిహేను ఇరవై రోజుల్లో అది తాను ఆకునన్న సంగతి మరిచిపోతుంది. పచ్చదనం పోయి, చల్లారిన ఉప్మా ముద్దలా గడ్డ కడుతుంది. ఆ గడ్డను ఫ్లాస్కుల్లో నీళ్లలాంటి మందులో వేసి, ఊపే మిషన్ మీద పెడతారు. అది పగలూ రాత్రీ తిరుగుతూనే ఉండాలి. కణాలు విడివిడిగా పెరిగి చిక్కబడతాయి. వాటిని నలిపి, వడకట్టి, గ్లిజరిన్‌లో కలిపి, హైదరాబాద్‌లో ముఖానికి రాసుకునే క్రీములు చేసే ఒక కంపెనీకి అమ్ముతారు. రెండు వేల ఏళ్లు బతికే చెట్టు కదా, ఆ ఆకు కణం రాసుకుంటే ముడతలు పోతాయట.

ఒకరోజు సారును అడిగాను. “చెట్టు అన్నేండ్లు బతికేది బెరడుతోని, మొద్దుకాడి పిలకలతోని అని మీరే చెప్తిరి. ఆకు అయితే కొన్నేండ్లకు రాలిపాయె. రాలిపోయేదాన్ని తెచ్చి మొఖానికి రాస్తే ఏం నిలవడతది సారూ?”

“అది మార్కెటింగ్ వాళ్ల సంగతి మామ్మగారూ” అన్నాడు.

ఉగాదికి మాకందరికీ ఆ క్రీము తలా ఒక చిన్న గొట్టం ఇచ్చారు. కోడలు దాచుకుంది. నేను మడమల పగుళ్లకు రాసి చూశాను. కొబ్బరినూనె చేసే పనిలో సగం కూడా చేయలేదు. ఆఫీసుకు వచ్చిన ఆడవాళ్లు మాత్రం దాన్ని బంగారం పట్టుకున్నట్టు పట్టుకునేవాళ్లు. కారు దిగి గేటు దాకా నడిచే నాలుగడుగుల్లో, వీధిలో మోరీ కంపుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. లోపలికి వచ్చి అమెరికా పొగమంచు గురించి వినేవాళ్లు. ఫ్యాక్టరీల నీళ్లు కలిసే మా ఊరి వాగు ఒడ్డున ఉన్న చింతచెట్లు ఆ సంవత్సరాల్లోనే కొనల నుంచి ఎండుకుంటూ వచ్చాయి. వాటి ముందు నిలబడి ఎవరూ పాఠం చెప్పలేదు.

రెడ్‌వుడ్ పెంకి మొక్క. పురుగును చంపే ఆ వగరు రసమే ఫ్లాస్కులోకి దిగి, నీళ్లను డికాక్షన్ రంగుకు తెచ్చి, తన కణాలను తానే చంపుకుంటుంది. బొగ్గు పొడి వేసి ఆ రసాన్ని పీల్చాలి. మూడు వారాలకోసారి మంచి ముద్దను ఏరి కొత్త ఫ్లాస్కులోకి మార్చాలి. ఆ మార్చే పని నా కోడలిది. మేము గాలిపెట్టె అనే మిషన్ ముందు కూర్చుంటుంది. దాని వెనక నుంచి వడకట్టిన గాలి వస్తూనే ఉంటుంది. చేతులు స్పిరిట్‌తో తుడుచుకుని, పట్టకారులాంటి చిమటాను దీపం మీద కాల్చి, ఫ్లాస్కు మూతి దూది తీసి, మంటకు చూపించి, ముద్దను మార్చి, మళ్లీ దూది పెట్టాలి. గోధుమపిండి రంగున్నవి బతికినవి, చాయ్ రంగువి చచ్చినవి. ఆమె కంటితో చూసి ఏరేది. సారు మైక్రోస్కోపు కింద పెట్టి, పుస్తకం చూసి, చివరికి ఆమె ఏరినవే మంచివనేవాడు. నాలుగేళ్లలో ఆమె చేతి కింద చెడింది రెండు మూడు ఫ్లాస్కులకు మించదు. ఆ మాట ఆమెతో నేనెప్పుడూ అనలేదు. అంటే ఇంట్లో పని తగ్గిస్తుందని.

ఇక దసరా.

మా వాడలో దసరాకు ప్రతి ఫ్యాక్టరీలో మిషన్లకు పూజ చేస్తారు. బాయిలర్‌కు బొట్టు, లారీకి దండ, లేతు మిషన్ ముందు గుమ్మడికాయ. దాన్ని నేను తప్పు పట్టను. నా బ్రష్‌కూ తొట్టికీ నేనూ పసుపు రాశాను. ఆ ఏడు దసరా ఆదివారం వచ్చింది కాబట్టి మా కంపెనీలో శనివారమే పూజ పెట్టుకున్నారు. మేడమ్ వాళ్ల అత్తగారి ఊరికి పోయింది. సారే పెద్ద. ఊపే మిషన్ ఆ నెలలోనే కొత్తది వచ్చింది. దాని దగ్గరే, అంటే ఫ్లాస్కులుండే అద్దాల గది లోపలే, పూజ చేద్దామన్నాడు.

చెప్పులు విడిచి, కాళ్లు కడిగి, టోపీ పెట్టుకుని, ఇద్దరికన్నా ఎక్కువ పోకూడని గది అది. ఆ నియమం గోడ మీద రాసి అంటించింది ఆయనే.

“సారూ, పూజ గడప అవుతల చేద్దాం. లోపటికి వద్దు” అన్నాను.

“దేవుడికి బయటా లోపలా ఉంటుందా మామ్మగారూ?”

“దేవునికి ఉండదు. బూజుకు ఉంటది.”

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు. నేను జోకు వేశాననుకున్నారు.

పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. వెనక పన్నెండు మంది. సంగారెడ్డి రోడ్డు మీద కొన్న బంతిపూల దండలు, అప్పటికే రెండు రోజులవి, మధ్యలో నల్లబడ్డవి. వాటిని గాలిపెట్టెకు తోరణంలా కట్టారు. ఊపే మిషన్‌కు కుంకుమ బొట్లు. ఇక్కడితో ఆగినా కొంత నయం. ఫ్లాస్కులకు కూడా పూజ అందాలని ఒక్కొక్క ఫ్లాస్కు మూతి దూది మీద ఒక్కొక్క బంతిపూరేక పెట్టాడు. నలభై ఫ్లాస్కులకు నలభై రేకలు, భక్తిగా, వరసగా. సాంబ్రాణి వేశారు. గడప మీద కొబ్బరికాయ, గుమ్మడికాయ కొట్టారు. చివర హారతి వెలిగించబోతే గాలిపెట్టె గాలికి కర్పూరం నిలవలేదు. రెండుసార్లు ఆరిపోయింది. “ఆ గాలి ఆపండి, ఏసీ కూడా ఆపండి, హారతి ఆరితే అశుభం” అన్నాడు. ఆపారు.

ఆ గదిలో మురికిని ఆపేది ఆ గాలి ఒక్కటే. కడిగే ముసలిదానికి తెలిసిన ముక్క అది. దీపం ఆరకుండా దాన్ని ఆపి, పన్నెండు మంది కలిసి గంటసేపు పాటలు పాడారు. నా కోడలు పళ్లెం పట్టుకుని నిలబడింది. నేను గడప అవతలే నిలబడి హారతి కళ్లకు అద్దుకున్నాను.

వాళ్లు పులిహోర తినడానికి పోయాక నా శనివారం పని నేను చేశాను. ప్రతి శనివారం నాలుగు గాజు పళ్లేల్లో ఉత్త జెల్లీ పోసి, గది నాలుగు మూలలా అరగంట మూత తీసి పెట్టడం నా పని. గదిలో గాలి ఎంత శుభ్రంగా ఉందో దానివల్ల తెలుస్తుంది. తర్వాత మూతపెట్టి, తారీఖు రాసి, బయట అరలో పెడతాను. పండగ కదా మానేయమని ఎవరూ చెప్పలేదు. పెట్టాను.

సోమవారం ఫ్లాస్కులు మార్చే రోజు. “గదికి మందు పొగ పట్టించి, రెండు దినాలు మూసి పెట్టి, గప్పుడు మారుద్దాం సారూ” అన్నాను. క్రీము కంపెనీకి నెలాఖరుకు సరుకు పోవాలి, టైమ్ లేదన్నాడు. పూరేకలు దులిపేసి పని మొదలుపెట్టమన్నాడు. దులిపారు. రేకలు పడ్డ చోట దూది మీద ఏం మిగిలిందో కంటికి కనిపించదు. కోడలు ఎప్పటిలాగే స్పిరిట్ రాసుకుని కూర్చుంది. రెండు రోజులు నలభై ఫ్లాస్కులూ మార్చింది.

బుధవారం నా పళ్లేల్లో బూజు లేచింది. గాలిపెట్టె పక్కన పెట్టినదానిలో అన్నిటికన్నా ఎక్కువ, నిమ్మకాయ తొక్కు మీద పట్టినట్టు ఆకుపచ్చగా. తీసుకుపోయి చూపించాను. సారు ఒక్క చూపు చూసి “పారేసి కడిగేయండి” అన్నాడు. నేను పారేయలేదు. పళ్లేలను రెండు మూడు వారాలవి కలిపి ఒకేసారి ఉడకబెట్టి కడగడం నా అలవాటు, గ్యాసూ సబ్బూ కలిసి వస్తాయని. అంతకుముందు శనివారానివి కూడా అరలోనే ఉన్నాయి.

గురువారం ఫ్లాస్కుల్లో బూజు దూదిపింజల్లా తేలింది. శుక్రవారం పొద్దుటికి నలభైలో ఒక్కటి కూడా మిగలలేదు. మధ్యాహ్నం సారు ఆ కాగితం రాశాడు. కారణం అని ఉన్నచోట, మార్చిన మనిషి చేతి అశుభ్రత. కింద నా కోడలి పేరు.

మేడమ్ నాలుగున్నరకు వచ్చింది. పిలవకముందే నేను ఎనిమిది పళ్లేలూ అన్నం తినే స్టీలు కంచంలో పేర్చుకుని ఆమె గదిలోకి పోయాను. వెనక కోడలు. మా వెనక సారు, “ఇవన్నీ ఇప్పుడెందుకండీ” అంటూ.

“మేడమ్, ఇవి పోయిన శనివారం ముందటి శనివారానియి. సూడున్రి” అని నాలుగు పళ్లేలు బల్ల మీద పెట్టాను. జెల్లీ తేటగా ఉంది, ఒకదానిలో మాత్రం చిన్న చుక్క. “ఇవి పూజ శనివారానియి.” మిగతా నాలుగూ పెట్టాను. మేడమ్ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

“వీటిల రెడ్‌వుడ్ లేదు. నా కోడలు వీటిని ముట్టలే. మూత తీసింది నేను, పెట్టింది నేను. కడిగింది కూడ రెండు తాపలు ఒక్క సబ్బుతోనే. మరి మొదటి నాలుగు ఎందుకు మంచిగున్నయి, ఇవి ఎందుకు గిట్లున్నయి?”

మేడమ్ నా వైపు చూడలేదు. సారు వైపు చూసింది. “పూజ ఎక్కడ చేశారు?”

“మిషన్ దగ్గరేనండి. అందరూ ముచ్చటపడ్డారు. ఒక్కరు కూడా వద్దనలేదండి.”

“నేనన్న” అన్నాను.

“ఈవిడ సరదాగా ఏదో అన్నారండి.”

“నా మొగడు పోయినప్పటి సంది సరదాగ ఏమనలే సారూ నేను.”

మేడమ్ కోడలి వైపు తిరిగింది. “నువ్వు చెప్పు. ఏం జరిగింది?”

కోడలు మూతి గుడ్డ కిందికి లాగింది. నేల చూస్తూ నిలబడింది. ఇంట్లో నా ముందు కూడా ఇలాగే నిలబడుతుంది, పాలు పొంగిపోయినా, పిల్లకు జ్వరం వచ్చినా. ఇక అయిపోయిందనుకున్నాను. నలభై ఫ్లాస్కులు కాదు, నాలుగేళ్లు పోయాయనుకున్నాను.

“హారతి నిలుస్తలేదని గాలి బంద్ చేయించిన్రు మేడమ్. ఏసీ కూడ. గంటసేపు. దూది మీద పూలు పెట్టిన్రు. సోమవారం నేను చేతులు ఎప్పటి తీరుగనే కడుక్కున్న. సంతకం పెట్టమంటే పెడతగని, అది మాత్రం అబద్ధం.”

గుడ్డ మళ్లీ మూతి మీదికి లాక్కుంది.

“గాలి ఎవరు ఆపమన్నారు?” అంది మేడమ్.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “హారతి ఆరిపోతే మంచిది కాదు కదండీ” అన్నాడు. డాక్టర్ అని పేరుకు ముందు రాసుకున్న మనిషి, పళ్లెంలో బూజు బల్ల మీద పెట్టుకుని, ఆ మాట అన్నాడు. అంత చదువుకు అయిన కిరోసినూ కరెంటూ తలుచుకుని జాలిపడాలనిపించింది గానీ పడలేదు.

మేడమ్ కాగితం తీసుకుని సొరుగులో వేసింది. “రేపు పొద్దున చెప్తాను. ఇప్పుడు వెళ్లండి” అంది. ఎవరికి చెప్తుందో, ఏం చెప్తుందో తెలియలేదు. అటువంటి చోట్ల తప్పు ఎప్పుడూ కిందికే జారుతుందని నాకు తెలుసు.

ఆటోలో ఇంటికి బయల్దేరాం. ఇస్నాపూర్ దాటాక కోడలు అంది, “రేపు తీసేస్తే ఎట్ల అత్తమ్మా?”

“తీసేస్తె తీసేస్తరు. జేయంది జేసిన అని రాసిచ్చి నా పక్కన తొట్టికాడ నిలవడదామనుకున్నవా? ఆ తొట్టి ఒక్కల్లకే ఇరుకు.”

“నువ్వు ఒక్క మాటన్న మంచిగ అనవు గద.”

“ఇయ్యాల మాట్లాడినవు గద. గట్లనే ముందు మాట్లాడుంటే నేను కంచం మొయ్యకపోదు.”

ఆమె తల అటు తిప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు.

మరునాడు పొద్దున ఎనిమిదింటికి గేటు రిజిస్టర్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. లోపలికి పోయేసరికి నలభై ఫ్లాస్కులూ పెద్ద ప్రెషర్ కుక్కరులాంటి ఆటోక్లేవులో ఉడుకుతున్నాయి. పది గంటలకు వాటిని వెనక గుంతలో పోసి మట్టి కప్పారు. ఇక రెడ్‌వుడ్ చేయబోమని మేడమ్ క్రీము కంపెనీకి ఫోన్ చేసి చెప్పింది. కారణం కరెంటు కోత అని చెప్పడం నేను కిటికీలోంచి విన్నాను. సారును తీసేయలేదు. సరుకు లెక్కలు రాసే గదిలోకి మార్చింది. కోడల్ని పిలిచి, పర్మినెంటు కాగితం మీద అరటి విభాగం అని రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. కోడలు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుంది. మధ్యాహ్నం లోపు గది కడిగి, మందు పొగ పట్టించి, తలుపు మూశాం. సోమవారం దాకా తెరవొద్దని మేడమ్ తాళం తన దగ్గర పెట్టుకుంది. మిగిలిన పూట కోడలు బయట షెడ్డులో కూర్చుని అరటి గడ్డలు చెక్కింది. నేను ఎనిమిది పళ్లేలూ కడిగాను.